కారులో కస్టమర్ వదిలేసిన వస్తువులను మీరెలా చూసుకుంటున్నారు? ఒక దుద్దు పోయింది, నాకు దారి తోచట్లేదు

నమస్తే అందరికీ. కారు ఇంటీరియర్ క్లీనింగ్ మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది. నేను, నాతో పాటు ఒక కుర్రాడు, ఇద్దరమే. పని విషయంలో ఇంతవరకు ఎవరూ వేలెత్తి చూపలేదు. పోయిన వారం ఒక మేడమ్ పొద్దున కారు ఇచ్చి సాయంత్రం తీసుకెళ్లారు. రాత్రి ఫోన్ చేసి, కప్ హోల్డర్‌లో బంగారు దుద్దు ఒకటి తీసిపెట్టాను, ఇప్పుడు కనపడట్లేదు అన్నారు. అరవలేదు, తిట్టలేదు, "ఒకసారి చూస్తారా" అని మెల్లగా అడిగారు, అంతే. ఆ మాటకే నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

ఆ రోజు జరిగింది ఉన్నదున్నట్టు చెబుతాను. కారు నిండా సామాన్లే. ముందు సీట్లవి, వెనక సీట్లవి, డోర్లలోవి అన్నీ కలిపి ఒకే పెద్ద కవర్లో వేశాం. కప్ హోల్డర్‌లో చిల్లర ఉంటే కుర్రాడు తీసి పక్కన పెట్టాడు, అందులో దుద్దు ఉందో లేదో గమనించలేదంటున్నాడు. తర్వాత అక్కడే వాక్యూమ్ పెట్టాం. ఆమె ఫోన్ వచ్చేసరికి వాక్యూమ్ డబ్బా ఖాళీ చేసేశాం, ఆ చెత్త కూడా వెళ్లిపోయింది. కుర్రాడు అలాంటివాడు కాదని నాకు తెలుసు, కానీ నాకు తెలిస్తే సరిపోదు కదా, ఆమెకు చూపించడానికి నా దగ్గర ఒక్క ఫోటో కూడా లేదు.

ఇకమీద కారు ఖాళీ చేసి తెస్తేనే తీసుకుంటానని చెప్పేయాలా? అలా చేయకుండా తెచ్చినవాళ్ల వస్తువులు ఎంతవరకు ముట్టుకోవాలి? గ్లవ్ బాక్స్ తెరవొచ్చా? "వస్తువులకు మా బాధ్యత లేదు" అని బోర్డు పెట్టేయమని తెలిసినాయన ఒకరు సలహా ఇచ్చారు, నాకెందుకో మనసొప్పట్లేదు. ఈ పనిలో ఉన్నవాళ్లు చెప్పండి.

—

జవాబు 1

తమ్ముడూ, నేను ఈ పనిలోకి వచ్చి పదమూడేళ్లయింది, మొదటి రెండేళ్లలో నీకు జరిగిందే నాకూ జరిగింది, నాకు పోయింది ఉంగరం. ముందు బోర్డు సంగతి చెబుతాను. అది పెట్టకు. తాళం చేతికి తీసుకున్నాక బండి మన దగ్గర ఉన్నంతసేపు జాగ్రత్త మనదే, గోడ మీద నాలుగు ముక్కలు రాసినంత మాత్రాన అది పోదు. పైగా ఆ బోర్డు చదివిన మనిషి, ఇక్కడ వస్తువులు పోతుంటాయన్నమాట అనుకుంటాడు.

నేను చేసేది ఇది. కస్టమర్ వచ్చినప్పుడే, ఆయన అక్కడ ఉండగానే, నాలుగు డోర్లూ డిక్కీ తెరిచి ఫోన్‌లో ఒక వీడియో తీస్తాను. రెండు నిమిషాలు కూడా పట్టదు. తీస్తూ ఒకటే అడుగుతాను: "డబ్బు, నగలు, మందులు, ముఖ్యమైన కాగితాలు ఏమైనా ఉంటే ఇప్పుడే మీతో తీసుకెళ్లండి." "ఏమైనా విలువైనవి ఉన్నాయా" అని మాత్రం అడగకు, ఏం లేవండీ అనేస్తారు. పేరు పెట్టి అడిగితేనే గుర్తొస్తుంది. ఇలా అడిగితే చాలామంది చెయ్యి పెట్టి వెతికి ఏదో ఒకటి బయటికి తీస్తారు, నేను రోజూ చూస్తున్నాను.

తర్వాత కవర్లు. నువ్వు చేసిన అసలు పొరపాటు అన్నీ ఒకే కవర్లో వేయడం. నా దగ్గర లోపలున్నది కనిపించే జిప్ కవర్లు ఉంటాయి, ఒక్కో చోటికి ఒక్కో కవరు: డ్రైవర్ డోరు, మధ్య కన్సోల్ (ముందు సీట్ల మధ్య ఉండే అర), వెనక ఎడమ సీటు, డిక్కీ, ఇలా మార్కర్‌తో రాసి ఉంచుకుంటాను. ఎక్కడిది అక్కడికే వెళ్లాలి. కవర్లన్నీ బండి నంబరు రాసిన ఒక డబ్బాలో పెట్టి మూత వేస్తాను, ఆ డబ్బా ఆ బండి పక్క నుంచి కదలదు. రెండు బండ్లు ఒకేసారి నడుస్తుంటే కలిసిపోయే ప్రమాదం ఎక్కువ, అది బాగా గుర్తుపెట్టుకో. డబ్బు కనిపిస్తే, చిల్లర నాణేలైనా సరే, ఇద్దరం కలిసి లెక్కపెట్టి, కవరు మీద రాసి, ఫోటో తీస్తాం. ఒక్కడివే ఉన్నప్పుడు కనిపిస్తే ముట్టుకోకముందే, ఉన్నచోటే ఫోటో తియ్యి.

వాక్యూమ్ విషయం మరీ ముఖ్యం. సీటు సందుల్లో, కప్ హోల్డర్లలో పెట్టేముందు పైపు మూతికి పల్చటి నైలాన్ మేజోడు ముక్క తొడిగి రబ్బరు బ్యాండు వెయ్యి. దుమ్ము వెళ్లిపోతుంది, దుద్దు, స్క్రూ, సిమ్ కార్డు లాంటివి బట్టకు అంటుకుని ఆగిపోతాయి. ముందు అలా ఒకసారి తిప్పి, ఆ తర్వాత మామూలుగా చెయ్యి. బండికీ బండికీ మధ్య వాక్యూమ్ డబ్బా ఖాళీ చేసి, ఆ దుమ్మును బండి నంబరు రాసిన కవర్లో కట్టి రెండు రోజులు ఉంచు. నీకు అసహ్యంగా అనిపించొచ్చు, చోటు కూడా పడుతుంది, కానీ నేను ఆ దుమ్ములోంచి మూడుసార్లు వస్తువు తీసి ఇచ్చాను.

ఆ కుర్రాడిని ఏమీ అనకు. పద్ధతి లేనిచోట నెపం ఎప్పుడూ చిన్నవాడి మీదికే పోతుంది.

—

జవాబు 2

నేను ఈ పని చేసేదాన్ని కాదు, కారు ఇచ్చేదాన్ని. అయినా రాయాలనిపించింది.

నాకు ఒకసారి వస్తువేమీ పోలేదు, అయినా ఆ చోటికి మళ్లీ వెళ్లలేదు. వెనక సీటు మీద నాన్నగారి మెడికల్ రిపోర్టులు ఒక ఫైల్లో ఉన్నాయి, కొన్ని బయటికి జారి చిందరవందరగా ఉన్నాయి. కారు తిరిగి ఇచ్చినప్పుడు అవన్నీ తేదీల వరుసలో చక్కగా సర్ది ఉన్నాయి. పాపం ఆ అబ్బాయి మంచి మనసుతోనే చేసి ఉంటాడు. కానీ తేదీల వరుసలో పెట్టాడంటే చదివాడనే కదా. నాకు ఒళ్లు ఒకలా అయింది. సర్దడం సాయం కాదండీ, దయచేసి కాగితాలను ఎలా ఉన్నవి అలా ఒకే కట్టగా ఎత్తి, అలాగే పెట్టేయండి. ఫోటోలు తీసేటప్పుడు కూడా కాగితంలోని అక్షరాలు చదవగలిగేంత దగ్గరగా తీయకండి, పని అయిపోయిన కొన్నాళ్లకు వాటిని ఫోన్‌లోంచి తీసేయండి. మా ఇంటి అడ్రసు, మా పిల్లల బడి బ్యాగు, అన్నీ ఆ ఫోటోల్లో పడతాయి.

ఇంకొకటి, నలిగిన బిల్లు చెత్త కాదు. అందులో వారంటీ ఉండొచ్చు, ఆఫీసులో చూపించాల్సింది కావచ్చు. ఎండలో డ్యాష్‌బోర్డు మీద కూడా పెట్టకండి, షాపుల్లో ఇచ్చే ఆ నున్నటి బిల్లులు థర్మల్ కాగితం, వేడి తగిలితే నల్లబడిపోతాయి, ఇక అక్షరం కనపడదు. పారేయాలనిపించినవన్నీ ఒక కవర్లో వేసి "ఇవి పారేయమంటారా" అని అడిగితే నాకు పట్టేది పది సెకన్లు.

—

జవాబు 3

నేను ఇళ్లకు వెళ్లి చేస్తాను. నా పద్ధతి వేరు, కారు ఖాళీ చేసి ఉంచితేనే మొదలుపెడతాను. ముందురోజు మెసేజ్ పెడతాను, వెళ్లాక ఒక ఖాళీ అట్టపెట్టె వాళ్ల చేతికే ఇస్తాను, వాళ్లే తీసుకుంటారు. వాళ్ల వస్తువు నా చెయ్యి తగలకపోతే గొడవే ఉండదు. సామాన్లు తీయడం, పెట్టడంలో పోయే టైమ్ కూడా తక్కువేం కాదు, నిండా సామాను ఉన్న కారుకు అరగంట దానికే పోతుంది, ఆ అరగంట సీట్ల మీద పెడితే పని ఇంకా బాగా వస్తుంది.

గ్లవ్ బాక్స్, కన్సోల్ మూతలు, మూసి ఉన్న బ్యాగులు అడగకుండా తెరవను. లోపల శుభ్రం చేయాలంటే వాళ్లే ఖాళీ చేసి తెరిచి ఉంచాలి.

—

జవాబు 1 మళ్లీ

పైన అన్న చెప్పిన గ్లవ్ బాక్స్ మాటకు నేను వందకు వంద ఒప్పుకుంటాను. ఖాళీ చేస్తేనే మొదలుపెడతాననడం మాత్రం అందరికీ కుదరదు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది చిన్నపిల్లల తల్లులు, పెద్దవయసువాళ్లు, ఇల్లు మారుతున్నవాళ్లు. వంగి సీటు కింద చూసే ఓపికే ఉంటే మన దగ్గరికి ఎందుకొస్తారు? ఖాళీ చేయమని అడుగుదాం, చేయలేకపోతే మనమే చేద్దాం, దానికి పట్టే టైమ్ ముందే చెప్పి బిల్లులో కలుపుదాం. ఊరికే చేస్తే హడావిడిగా చేస్తాం, హడావిడిలోనే వస్తువులు పోతాయి.

—

జవాబు 4

అందరూ పోయే వస్తువుల గురించి రాశారు, మనకు దెబ్బ తగిలే వాటి గురించి నేను రాస్తాను. సీటు కిందికి చూడకుండా చెయ్యి పెట్టకండి. టార్చి వేసి చూడండి. బ్లేడు, పగిలిన గాజు ముక్క, ఇంజెక్షన్ సూది, ఏదైనా ఉండొచ్చు. సూది కనిపిస్తే దానికి మూత పెట్టే ప్రయత్నం అసలు చేయొద్దు, గుచ్చుకునేది అప్పుడే. పట్టకారుతో తీసి గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించి, కస్టమర్‌కు చెప్పండి. డయాబెటిస్ ఉన్నవాళ్లు వాడుకునేవే కావచ్చు, మొహం అదోలా పెట్టొద్దు. నాకు ఒకసారి వేలికి గుచ్చుకుంది. వెంటనే సబ్బుతో, పారే నీటి కింద కడుక్కుని డాక్టర్ దగ్గరికి వెళ్లాను, ఆ తర్వాత రక్త పరీక్షల ఫలితాలు వచ్చేవరకు ఇంట్లో అందరం పడ్డ టెన్షన్ ఇంకెవరికీ రాకూడదు.

సీటు కింద ఇరుక్కున్న బ్యాగు పట్టీనో ఛార్జర్ వైరునో బలంగా లాగొద్దు. అక్కడ పసుపు రంగు కనెక్టర్లు ఉంటాయి, అవి ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టు తాలూకు వైర్లు. ఊడితే డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది. మీరు మళ్లీ గుచ్చినా ఆ లైటు చాలా బండ్లలో దానంతట అది పోదు, స్కానర్ పెట్టి తీయించాలి. సీటును ముందుకీ వెనక్కీ జరిపి, ఇరుక్కున్నదాన్ని వదులు చేసి తీయండి. జరిపే ముందు సీటు ఎక్కడుందో ఫోటో తీసుకుంటే తిరిగి అక్కడే పెట్టొచ్చు.

పిల్లల సీటు విషయంలో నేను చాలా కచ్చితంగా ఉంటాను. వీలైతే కస్టమర్‌నే విప్పమంటాను, తిరిగి బిగించాల్సింది కూడా వాళ్లే. మనం బిగిస్తే చూడటానికి బాగానే ఉంటుంది, బెల్టు వెళ్లాల్సిన దారిలో వెళ్లకపోయినా, ఐసోఫిక్స్ (పిల్లల సీటును కారుకు పట్టి ఉంచే కొక్కేలు) సరిగ్గా పట్టకపోయినా పైకి తెలియదు, తెలిసేది ప్రమాదం జరిగినప్పుడే. మనమే తీయాల్సి వస్తే సీటును కారులో ఊరికే పెట్టి, "ఇది బిగించలేదు, బయల్దేరే ముందు మీరే బిగించుకోండి" అని కాగితం రాసి దాని మీదే అంటిస్తాను, నోటితో కూడా చెబుతాను. దాని పట్టీలకు ఘాటు కెమికల్స్ కొట్టొద్దు, నానబెట్టొద్దు, పట్టీ బలం తగ్గుతుంది. కంపెనీ పుస్తకంలో వేరే చెబితే తప్ప తడిగుడ్డ, కాస్త మెత్తటి సబ్బు చాలు.

మందులు, ముఖ్యంగా ఇన్సులిన్ పెన్నులు, పవర్ బ్యాంకులు, స్ప్రే డబ్బాలు తీసి బయట పెట్టేటప్పుడు నీడలో పెట్టండి. ఇన్హేలర్ కనిపిస్తే కవర్లో వేసి ఊరుకోకుండా కస్టమర్‌కు ఫోన్ చేసి చెప్పండి, ఆ మనిషికి అది మధ్యాహ్నమే అవసరం పడొచ్చు. ఆయుధం లాంటిది ఏదైనా కనిపిస్తే ముట్టుకోకుండా డోరు మూసి, పని ఆపి, కస్టమర్‌ను పిలవండి.

—

మొదట అడిగిన నేనే

అందరికీ చాలా థ్యాంక్స్. ఇవన్నీ చదివాక నిన్న ఆ మేడమ్‌కు ఫోన్ చేసి, కారు ఇంకొకసారి చూడనివ్వండి అని అడిగాను. ఆమె ఉండగానే కన్సోల్ పక్క సందులో, సీటు పట్టాల్లో టార్చి వేసి గంటసేపు వెతికాం. దుద్దు దొరకలేదు. దాని శీల మాత్రం డ్రైవర్ సీటు పట్టాలో దొరికింది. అంటే దుద్దు కప్ హోల్డర్ నుంచి కింద పడి ఉండొచ్చు, మేం సీటు జరిపినప్పుడో వాక్యూమ్ పెట్టినప్పుడో పోయి ఉండొచ్చు. ఆ మాటే ఆమెకు చెప్పేశాను. వాక్యూమ్ చెత్త చూడకుండా పారేసింది నేనే, కాబట్టి ఆ జతకు ఇంకొకటి చేయించడానికి అయ్యేది నేనే ఇస్తానన్నాను. ఆమె సగం చాలన్నారు. ఇంకా ఒక మాటకు రాలేదు, నేను మొత్తం ఇవ్వాలనే అనుకుంటున్నాను.

కుర్రాడితో కూర్చుని మాట్లాడాను. నాకంటే వాడే ఎక్కువ కుమిలిపోతున్నాడు, రెండు రోజులుగా సరిగ్గా తినట్లేదట, వాళ్లమ్మ చెప్పేదాకా నాకు తెలియదు. ఈరోజు జిప్ కవర్లు తెచ్చాం, చోట్ల పేర్లన్నీ వాడే తన చేత్తో రాశాడు. వీడియో తీసే పని కూడా వాడికే ఇచ్చాను.

ఒక్క డౌటు మిగిలింది. జవాబు 1 రాసిన అన్నా, మేజోడు తొడిగితే మా వాక్యూమ్ లాగడం బాగా తగ్గిపోతోంది, రెండు పొరలు వేసినందుకా, లేక మా మెషీన్ చిన్నదైనందుకా?

—

జవాబు 1 మళ్లీ

రెండు పొరలు వద్దు, ఒక్కటే చాలు. దుమ్ము పేరుకున్నప్పుడల్లా తీసి దులుపు. దులిపేముందు అందులో ఏముందో చూసుకో.