ఒలింపిక్ స్వర్ణం లేని విస్లాండర్‌ని ‘శతాబ్దపు ఆటగాడు’ అనొచ్చా?

గోల్‌కీపర్16:
స్వీడన్ హ్యాండ్‌బాల్ ఆటగాడు మాగ్నస్ విస్లాండర్‌ని అంతర్జాతీయ సమాఖ్య 20వ శతాబ్దపు మేటి ఆటగాడిగా ఎంచింది. నాకు మింగుడుపడటం లేదు. 1992 బార్సిలోనా, 1996 అట్లాంటా, 2000 సిడ్నీ. మూడు ఒలింపిక్ ఫైనల్స్, మూడూ ఓటమే. ఫ్రాన్స్ కరబాటిచ్‌కి మూడు స్వర్ణాలున్నాయి.

కీల్ తెలుగబ్బాయి:
అన్నా, కరబాటిచ్ స్వర్ణాలన్నీ 2008 నుంచి వచ్చినవి. పోయిన శతాబ్దపు బిరుదుకి ఆయన్ని ఎలా పోటీ పెడతాం? విస్లాండర్ 1990లో, 1999లో ప్రపంచ కప్ గెలిచాడు. స్వీడన్ గెలిచిన 1994, 1998, 2000, 2002 యూరో (యూరప్ దేశాల ఛాంపియన్‌షిప్) టైటిళ్లు నాలుగింటిలోనూ ఉన్నాడు. చివరిది స్టాక్‌హోమ్‌లో, జర్మనీ మీద ఎక్స్‌ట్రా టైమ్‌లో, తన 38వ ఏట. నేను చదువుకుంటున్న జర్మనీ నగరం కీల్‌లోని క్లబ్బుకే 1990 నుంచి 2002 దాకా ఆడి ఏడుసార్లు జర్మన్ లీగ్ గెలిపించాడు.

రైట్ వింగ్:
కోర్టులో ఏడుగురు ఉంటారు. ఓటమి మాత్రం ఒక్కడి ఖాతాలోనా?

గోల్‌కీపర్16:
గెలుపు ఒక్కడి ఖాతాలో వేస్తున్నారుగా, ఓటమీ వేయండి. అట్లాంటా ఫైనల్: క్రొయేషియా 27, స్వీడన్ 26. అంత గొప్పవాడైతే ఆ ఒక్క గోలు ఏది? 2000లో కీల్ ఆడిన ఛాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల టోర్నీ) ఫైనల్ కూడా బార్సిలోనా క్లబ్బుకి పోయింది.

కీల్ తెలుగబ్బాయి:
అదే క్రొయేషియాని గ్రూప్ మ్యాచ్‌లో స్వీడన్ ఓడించింది. దాని సంగతి?

గోల్‌కీపర్16:
గ్రూప్ మ్యాచ్‌కి మెడల్ ఇస్తారా?

పాత పివట్:
మెడల్స్ పక్కన పెట్టి ఆట చూడండి. ఆయన్ని ‘స్లాంగెన్’ అనేవారు, అంటే నీళ్ల పైపు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు కదా. సెంటర్ బ్యాక్‌గా, అంటే వెనక మధ్యలో ఉండి దాడిని నడిపించేవాడిగా, 1990లో ప్రపంచ ఉత్తమ ఆటగాడు అనిపించుకున్న మనిషి, వయసు పెరిగాక పివట్‌గా గోల్ ముందుండే ఆరు మీటర్ల గీత మీదకి వెళ్లాడు. పివట్ పని ఏంటో నాకు తెలుసు. గోల్‌కి వీపు పెట్టి నిలబడాలి, అటూ ఇటూ ఇద్దరు డిఫెండర్ల మోచేతులు పక్కటెముకల్లో దిగుతుంటాయి. పాస్ ఎక్కడ పడినా ఒంటి చేత్తో లాక్కుని, తిరిగి, గాల్లోకి లేచి కొట్టాలి. పాస్ రాకపోతే, డిఫెండర్‌కి అడ్డుగా నిలబడి, వెనక నుంచి షాట్ కొట్టేవాడికి దారివ్వాలి. స్టార్ హోదా ఉన్నవాడు ఆ పనికి ఒప్పుకున్నాడు. నా లెక్కలో అది స్వర్ణం కంటే పెద్దది.

గోల్‌కీపర్16:
మీరు పివట్ కాబట్టి మీకు అలాగే కనిపిస్తుంది.

పాత పివట్:
మాట జాగ్రత్త తమ్ముడూ. ఇరవై ఏళ్లు ఆడాను. పొద్దున్నించీ ఆ ఒక్క గోలే పట్టుకుని వేలాడుతున్నావు. అసలు నీకేమైంది?

రైట్ వింగ్:
ఇద్దరూ కాస్త తగ్గండి.

గోల్‌కీపర్16:
ఏమైందో చెప్తాను. స్టేట్ టోర్నీ ఫైనల్ మేమూ ఒక్క గోలు తేడాతోనే పోగొట్టుకున్నాం. చివరి షాట్ నా ఎడమ కాలికీ పోల్‌కీ మధ్య నుంచి వెళ్లింది. బంతి నేల తాకిన చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి ఆ రెండో స్థానం సర్టిఫికెట్ పట్టుకెళ్తే కౌంటర్లో ఆయన “ఫస్ట్ లేదా?” అని అడిగి ఫైలు వెనక్కి తోసేశాడు. అప్పటినుంచి మా ఇంట్లో కూడా దాన్ని మెడల్ అనరు. మూడుసార్లు రెండో స్థానంలో నిలిచినాయన శతాబ్దపు ఆటగాడు అయితే, ఒక్కసారి నిలిచిన నేను ఎందుకూ పనికిరానివాడినా? రజతం గొప్పదైతే అందరికీ గొప్పది కావాలి. కాకపోతే ఆయనకీ కాకూడదు.

కీల్ తెలుగబ్బాయి:
ఈ మాట తెలిసుంటే నేను లెక్కలు ఏకరువు పెట్టేవాడిని కాదు అన్నా. సారీ.

పాత పివట్:
ఆ కౌంటర్లో మనిషి నీ ఆట చూడలేదు. విస్లాండర్‌ని ఎంచినవాళ్లు ఆయన ఆట చూశారు. తేడా అక్కడే ఉంది. సెమీస్‌లో ఎన్ని ఆపావు?

గోల్‌కీపర్16:
మూడు పెనాల్టీలు.

పాత పివట్:
మూడు పెనాల్టీలు ఆపకపోతే మీ టీమ్ ఫైనల్‌కే వెళ్లేది కాదు.

గోల్‌కీపర్16:
నిజమే అన్నా. కానీ ఆ ముక్క సర్టిఫికెట్‌లో లేదు. అట్లాంటా విషయంలో మాత్రం నా మాట మారదు.