అప్‌డేట్: నల్ల కారుకు తేలికపాటి పాలిష్, ఆపై సీలెంట్

నా నల్ల కారు బానెట్ మీద ఎండలో సాలెగూడులాంటి గీతలు కనిపిస్తున్నాయని, ముతక కాంపౌండ్ (పెయింట్ పైపొరను ఎక్కువగా అరగదీసే పేస్ట్) వాడాలా, తేలికపాటి పాలిష్ చాలా అని ఇంతకుముందు అడిగాను. తేలికపాటి దానితో మొదలుపెట్టమన్న వారందరికీ కృతజ్ఞతలు. అదే సరిపోయింది.

మా ఇల్లు విశాఖ పెదవాల్తేరులో, సముద్రానికి దగ్గర. కడిగిన కారు మీద కూడా చేయి వేస్తే గరగరలాడేది. పెయింట్‌కు అంటుకున్న మురికిని లాగేసే మెత్తని మట్టిముద్ద, అంటే క్లే బార్‌తో రుద్దితే ఆ ముద్ద బూడిద రంగుకు తిరిగింది. ఆ మురికి ఉండగానే పాలిష్ చేసి ఉంటే కొత్త గీతలు పడేవి. తర్వాత నీడలో, మెత్తని ఫోమ్ ప్యాడ్‌తో ఒక్కో భాగం చేశాను. సన్నని గీతలు పోయాయి. గోరుకు తగిలే లోతైనవి మిగిలాయి, వాటి కోసం రంగు మీది పారదర్శక పొర అయిన క్లియర్ కోట్‌ను పలచన చేసుకోవడం నాకు ఇష్టం లేదు.

అన్నిటికంటే మేలు చేసిన సలహా, సీలెంట్‌కు (పెయింట్‌ను కాపాడే పైపూతకు) ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీటితో తుడవడం. పాలిష్‌లోని నూనెలు మిగిలితే సీలెంట్ సరిగా అంటుకోదు. పైగా అవి గీతలను కప్పేసి, పోయాయన్న భ్రమ కలిగిస్తాయి. సీలెంట్ పలచగా పూసి, తెల్లగా మసకబారాక మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచాను. విశాఖ ఉక్కపోతలో ఆరడానికి డబ్బా మీద రాసిన దానికంటే ఎక్కువ సేపే పట్టింది. రాత్రంతా తడి తగలనివ్వలేదు.

ఇప్పుడు వాన చినుకులు గుండ్రంగా నిలిచి, కారు కదలగానే జారిపోతున్నాయి. ఉప్పుగాలి ఉంది కాబట్టి తరచూ కడగడం మాత్రం మానను.