శిక్షణ మొదటి గంటలో ఆడించదగిన మాటల ఆటలు చెప్పగలరా?

ప్రశ్న (నల్లగొండ, శిక్షణ నిర్వాహకురాలు):

అందరికీ నమస్కారం. వచ్చే వారం దేవరకొండలో అంగన్‌వాడీ టీచర్లకు జరగనున్న రెండు రోజుల శిక్షణలో మొదటి గంటను నాకు అప్పగించారు. దాదాపు 35 మంది వస్తారు. చందంపేట, డిండి వైపు తండాల నుంచి వచ్చేవారు, పట్టణంలోనే ఉంటున్నవారు, ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తున్నవారు, నిరుడు చేరినవారు ఒకే గదిలో కూర్చుంటారు. ఎరిగినవారు ఎరిగినవారి పక్కనే చేరి సాయంత్రం దాకా అక్కడి నుంచి కదలకపోవడం ప్రతిసారీ చూస్తున్నాను.

పోయినసారి నేను ఒక ఆట ఆడించాను. ప్రతి ఒక్కరూ తమ పేరులోని మొదటి అక్షరంతోనే మొదలయ్యే ఒక విశేషణాన్ని పేరుకు ముందు చేర్చి తమను పరిచయం చేసుకోవాలి. మొదటి ముగ్గురు చెప్పారు. నాలుగో స్థానంలో ఉన్న పెద్దామె పేరు ‘యా’తో మొదలవుతుంది. ఎంత ఆలోచించినా ఆమెకు మాట దొరకలేదు. గదిలో అందరూ తనవైపే చూస్తుండగా ఆమె తలవంచుకొని కూర్చున్నారు, ఆ రోజంతా మళ్లీ నోరు విప్పలేదు. ఆమెను మాట్లాడించడానికి పెట్టిన ఆటే ఆమె నోరు మూయించిందన్న బాధ నాకు ఇప్పటికీ ఉన్నది. బోర్డుతో, కాగితంతో పని లేకుండా, ఎవరినీ చిన్నబుచ్చకుండా, అరగంటలో ముగిసే ఆటలు ఎవరైనా చెప్పగలరా?

సమాధానం 1 (మహబూబ్‌నగర్, తెలుగు ఉపాధ్యాయుడు):

మేడం గారూ, ఆమెకు మాట దొరకకపోవడం ఆమె లోపం కాదు. అచ్చతెలుగు మాటలకు మొదట యకారం ఉండదని చిన్నయసూరి బాలవ్యాకరణంలోనే చెప్పారు. రాత భాషలో ‘యా’తో విశేషణం కావాలంటే సంస్కృతం వైపు చూడవలసిందే. అయితే మన వాడుకలో పరిస్థితి వేరు. మనం వేపను యాప అంటాము, జ్ఞాపకాన్ని యాది అంటాము, గొర్రెపోతును యాట అంటాము. విశేషణమే కావాలని పట్టుబట్టకుండా ‘మీ ఇంట్లో పలికే ఏదైనా ఒక మాట’ అని అడిగి ఉంటే ఆ పెద్దామె ‘యాపచెట్టు’ అని వెంటనే చెప్పి ఉండేవారు. ఇంగ్లిష్ అక్షరాల కోసం అల్లిన ఆటలను తెలుగులోకి తెచ్చినప్పుడు ఈ చిక్కు తరచూ వస్తుంది.

నేను పదిహేనేళ్లుగా ఆడిస్తున్నది మాటల గొలుసు. ఒకరు చెప్పిన మాట చివరి అక్షరంతో పక్కవారు మరొక మాట చెప్పాలి. ఇది అందరికీ తెలిసిన ఆటే అయినా, నియమాలను ముందే సరిచేయకపోతే రెండు నిమిషాలలో ఆగిపోతుంది. మొదటిది, గుణింతాన్ని వదిలి హల్లును మాత్రమే పట్టుకోవాలి. ‘చెట్టు’ తర్వాత ‘టు’ కోసం వెతికితే ఎవరికీ ఏమీ దొరకదు, ‘ట’ చాలంటే టమాట వస్తుంది. బహువచనాలను ఒప్పుకోకూడదు, ఎందుకంటే అవన్నీ ‘లు’తోనో ‘ళ్లు’తోనో ముగిసి ఆటను ఒకేచోట తిప్పుతాయి. సున్నాతో ముగిసే ‘పుస్తకం’ వంటి మాటలలో సున్నాను వదిలి ‘క’ను తీసుకోవాలి. ‘బాణం’, ‘తాళం’ వంటివి వచ్చినప్పుడు, ణ, ళ అక్షరాలతో తెలుగు మాట మొదలు కాదు కాబట్టి, న, ల అక్షరాలను వాటికి బదులుగా అనుమతించాలి. ఇట్లా సరిచేస్తే రోకలి, లాంతరు, రవిక, కందిపప్పు, పల్లీ అంటూ గొలుసు సాఫీగా సాగుతుంది.

మరొక మాట. మాట దొరకనివారిని ఆట నుంచి తప్పించే పద్ధతి దయచేసి పెట్టకండి. దొరకకపోతే ఎదురు వరుసలో ఉన్న ఒకరిని పేరు అడిగి తెలుసుకొని, ఆ పేరుతో పిలిచి సాయం అడగాలి. పరిచయం నిజంగా జరిగేది ఆ సాయం అడిగేటప్పుడే.

సమాధానం 2 (వనపర్తి, మహిళా సంఘాల కార్యకర్త):

సార్ చెప్పిన గొలుసు మంచిదే, కానీ మీ గదిలో తండాల నుంచి వచ్చేవారు ఉన్నారని చదివిన తర్వాత నాకు వేరే ఆట తోచింది. మేము దాన్ని ‘మీ ఇంట్లో ఏమంటారు?’ అని పిలుస్తాము. నేను ఒక వస్తువును వర్ణిస్తాను, పేరు మాత్రం చెప్పను. పులుపు కూర, పప్పులో వేస్తారు, పచ్చడి చేస్తారు అనగానే కొందరు పుంటికూర అంటారు, కొందరు గోంగూర అంటారు. ఒకే మాట పలికినవారు లేచి ఒకచోట చేరాలి. తర్వాత ఉల్లిగడ్డ, ఉల్లిపాయ. ఆ తర్వాత పల్లీ, వేరుశనగ. అలంపూర్ దాటి కర్నూలు వైపు పోతే దానినే బుడ్డలు అంటారు కనుక, ఆ వైపు నుంచి కోడలుగా వచ్చినవారు ఒక్కరున్నా గదికి మూడో గుంపు ఏర్పడుతుంది. నాలుగు వస్తువులు పూర్తయ్యేసరికి ఎవరూ పొద్దున కూర్చున్న చోట ఉండరు. పక్కకు మారండి అని మీరు చెప్పవలసిన అవసరమే రాదు.

చివరి ప్రశ్నగా ‘అమ్మను ఏమని పిలుస్తారు?’ అని అడగండి. అమ్మ, అవ్వ అనే మాటల మధ్య తండా నుంచి వచ్చినవారు ‘యాడి’ అంటారు. మొదటిసారి విన్నప్పుడు మా గదిలో అందరూ ఆ మాటను ఆమె దగ్గర మళ్లీ మళ్లీ పలికించుకొని నేర్చుకున్నారు. అప్పటిదాకా తెలుగు సరిగా రాదేమోనని వెనక కూర్చున్న ఆమె, ఆ నిమిషం అందరికీ పంతులమ్మ అయ్యారు. పిల్లలు తమ కేంద్రానికి ఇంటి మాటతోనే వస్తారు కాబట్టి అంగన్‌వాడీ టీచర్లకు ఇది పనికి కూడా సంబంధించినదే.

సమాధానం 3 (సూర్యాపేట):

పొడుపు కథలు కూడా బాగా పనిచేస్తాయి. ‘కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు’ వంటివి పెద్దవయసు వారికే ఎక్కువ వస్తాయి, కాబట్టి కొత్తగా చేరినవారు వారి దగ్గరకు వెళ్లి అడుగుతారు. నోరు తిరగని వాక్యాలను వేగంగా పలికించే ఆట కూడా పెట్టవచ్చు.

సమాధానం 1 ఇచ్చినవారు:

పొడుపు కథలతో పూర్తిగా ఏకీభవిస్తాను. నోరు తిరగని వాక్యాలను మాత్రం మొదటి గంటలో ఒక్కొక్కరి చేత పలికించవద్దని నా మనవి. ఇంట్లో మరొక భాష మాట్లాడేవారు తడబడితే గదిలో నవ్వు పుడుతుంది, ఆ నవ్వు వారిని మరింత వెనక్కి నెడుతుంది. రెండో రోజు, ఒకరికొకరు చనువు ఏర్పడిన తర్వాత, అందరి చేత ఒకేసారి పలికించవచ్చు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. మొదట ‘మీ ఇంట్లో ఏమంటారు?’ ఆడించి, కొత్తగా ఏర్పడిన గుంపులలోనే పది నిమిషాలు గొలుసు నడుపుతాను. పొడుపు కథలను భోజనం తర్వాత నిద్రవేళకు ఉంచుకుంటాను. పోయినసారి ఇబ్బంది పడిన పెద్దామె ఈసారి కూడా వస్తున్నారు. గొలుసును ‘యాప’ అనే మాటతో నేనే మొదలుపెడతాను.