అప్‌డేట్: ప్రేరకం లేకుండానే టీ కణాలు విభజన చెందడం గురించి

విభజనను పురిగొల్పే ఏ ప్రేరకమూ కలపని కంట్రోల్ వెల్స్‌లో (పోలిక కోసం ఉంచే ప్లేటు గుంటల్లో) సైతం మానవ టీ కణాలు (ఒక రకం రోగనిరోధక తెల్ల రక్తకణాలు) ఎందుకు విభజన చెందుతున్నాయని ఇదివరకు అడిగాను. కణాలను పెంచే మాధ్యమంలో 10 శాతం ఫీటల్ బోవైన్ సీరం (ఆవు పిండం రక్తం నుంచి తీసిన సీరం) ఉండేది. మీ సలహా ప్రకారం ఒకే దాత కణాలను ఆ సీరంలోనూ, ఏబీ గ్రూపు మానవ సీరంలోనూ విడివిడిగా పెంచి చూడగా, మొదటిదానిలో మైక్రోస్కోపు కింద కనిపించే, విభజనకు సూచన అయిన కణాల గుత్తులు రెండోదానిలో దాదాపుగా లేవు. పశువుల ప్రోటీన్లను మన రోగనిరోధక కణాలు పరాయివిగా గుర్తించగలవు. పైగా ఆ పశు సీరంలోని ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా నుంచి వచ్చే విషపదార్థం), హార్మోన్ల మోతాదు బ్యాచ్‌ను బట్టి మారుతుంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మరొకటి: మానవ శరీరం తయారుచేసుకోలేని ఎన్‌-గ్లైకోలైల్‌న్యూరమినిక్ ఆమ్లాన్ని (ఒక రకం చక్కెర అణువును) కణాలు పశు సీరం నుంచి గ్రహించి తమ ఉపరితలంపై చేర్చుకుంటాయి, దానికి ప్రతిరక్షకాలేమో మనలో ముందే ఉంటాయి. రోగికి ఎక్కించే కణాల విషయంలో ఇది తీసిపారేయదగిన సంగతి కాదు.