పాత వైమానిక ఛాయాచిత్రాలపై పొలాల విస్తీర్ణం కొలిస్తే తేడా ఎందుకు వస్తోంది?

ప్రశ్న:
అమెరికాలో ఒక నదీ పరీవాహక ప్రాంతంలోని పొలాలు, అడవులు, చిత్తడి నేలలు కాలక్రమంలో ఎలా మారాయో చదువులో భాగంగా పరిశీలిస్తున్నాను. 1930ల చివర అక్కడి వ్యవసాయ శాఖ తీయించిన నలుపు తెలుపు చిత్రాలను, అదే శాఖ ఇప్పుడు నడుపుతున్న జాతీయ వ్యవసాయ చిత్రాల కార్యక్రమం, అంటే నైప్, చిత్రాలతో పోలిస్తే, గట్లు మారని పొలాల విస్తీర్ణంలో కూడా దాదాపు పదో వంతు తేడా వస్తోంది. ఇది నేలలో వచ్చిన మార్పా, చిత్రాల్లోని లోపమా? పెద్దలు వివరించగలరు.

సమాధానం 1:
గట్లు మారలేదంటున్నారు కనుక తేడా చిత్రాల వల్ల వచ్చినదే. 1933 నాటి వ్యవసాయ సర్దుబాటు చట్టం కింద సాగు తగ్గించిన రైతులకు ప్రభుత్వం సొమ్ము చెల్లించేది. ఎవరెంత తగ్గించారో పొలం పొలానికీ వెళ్లి కొలవడం కన్నా, విమానం నుంచి తీసిన చిత్రాలపై కొలవడం చౌకగా, త్వరగా పూర్తవుతుందని తేలినందువల్లే ఆ చిత్రాలు అంత విస్తృతంగా తీశారు. వాటిలో ఎక్కువ భాగం సుమారు 1:20,000 స్కేలువి. అంటే కాగితం మీది ఒక చదరపు సెంటీమీటరు నేల మీద 4 హెక్టార్లు. అయితే కెమెరా కటకపు నాభ్యంతరానికీ, నేల నుంచి విమానం ఉన్న ఎత్తుకూ గల నిష్పత్తే స్కేలు. విమానం కాస్త పైకి లేచినా, కింద నేల పల్లమైనా అది 1:21,000 కావచ్చు. అప్పుడు అదే చదరపు సెంటీమీటరు 4.41 హెక్టార్లకు సమానం. మీరు చెప్పిన పదో వంతు ఇంత చిన్న మార్పుతోనే వచ్చేస్తుంది. పైగా గుట్టలున్న చోట ఎత్తైన భాగాలు చిత్రకేంద్రం నుంచి అంచుల వైపు జరిగి పడతాయి.

నైప్ చిత్రాలు ఈ దోషాలను సవరించిన ఆర్థోఫోటోలు. మీ దగ్గరి పాతవి సవరించనివి. ఆనాటి సిబ్బంది నేల మీద కొన్ని దూరాలు కొలిచి, వాటికి సరిపడేలా చిత్రాన్ని పెంచి ముద్రించి, ఆ తర్వాతే పొలం అంచు వెంట ప్లానిమీటరు, అంటే గీత వెంట నడిపితే లోపలి విస్తీర్ణం చూపే పరికరం, నడిపేవారు. ఆ శ్రద్ధ గౌరవించదగినది. మీరు కూడా మారని రోడ్ల కూడళ్లను, పాత భవనాల మూలలను ఆధార బిందువులుగా తీసుకొని, నేల ఎత్తుల నమూనాతో పాత చిత్రాలను సవరించిన తర్వాతే కొలవండి.

సమాధానం 2:
పై సమాధానంతో ఏకీభవిస్తూ, ఋతువు సంగతి చేరుస్తున్నాను. నైప్ చిత్రాలను పంటలు పెరిగే కాలంలో, చెట్లు ఆకులతో నిండుగా ఉన్నప్పుడు తీస్తారు. చెట్ల నీడన ఉన్న చిత్తడి నేల వాటిలో కనబడకపోయినంత మాత్రాన అది పూడిపోయిందని రాయకండి. మధ్య దశాబ్దాలకు 1980లో మొదలై 40,000 అడుగుల ఎత్తు నుంచి తీసిన చిత్రాలు, 1987 నుంచి 20,000 అడుగుల నుంచి 1:40,000 స్కేలులో తీసినవి ఉన్నాయి. వాటిలోని పరారుణ వర్ణచిత్రాల్లో పచ్చని మొక్కలు ఎర్రగా, నీరు నల్లగా కనబడతాయి కనుక తడినేలను గుర్తించడానికి అవి ఎంతో మేలు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నైప్‌లో సమీప పరారుణ పట్టీ, అంటే కంటికి కనబడని ఆ కాంతిని నమోదు చేసే పొర, కూడా ఉంది కదా. దానితో మొక్కల పచ్చదనాన్ని అంకెల్లో చెప్పే వృక్ష సూచిక లెక్కించి ఒక ఏడాదిని మరో ఏడాదితో పోల్చవచ్చునా?

సమాధానం 3:
ఒకే ఏడాది, ఒకే రోజు తీసిన చిత్రాల్లో పొలాన్ని పొలంతో పోల్చడానికి ఆ సూచిక పనికివస్తుంది. ఏడాదికీ ఏడాదికీ మాత్రం నేరుగా పోల్చవద్దు. చూపుకు ఇంపుగా ఉండేలా రంగులు సర్దిన చిత్రాలవి, అందులోని అంకెలు నేల పరావర్తనాన్ని ఉన్నదున్నట్లు చెప్పవు. ఏ కాలపు చిత్రానికైనా తీసిన తేదీని నమోదు చేసుకోండి. 1930ల చిత్రాల్లో అది సాధారణంగా పై అంచునే, ఫిల్ము చుట్ట సంఖ్య పక్కన ముద్రితమై ఉంటుంది.