పేరు లేని శాక్సోఫోన్: యంత్ర సంగీతంపై గుర్తు ఉండాలా?

కాజీపేట క్లారినెట్:
హనుమకొండలో నేను తరచుగా వెళ్లే ఒక కాఫీ దుకాణంలో సాయంత్రం పూట జాజ్ వినిపిస్తారు. మొన్న ఒక పాటలో శాక్సోఫోన్ దాదాపు నిమిషం పాటు ఎక్కడా ఊపిరి తీసుకోకుండా సాగింది. ముప్ఫై ఏళ్లుగా పెళ్లి బ్యాండులో క్లారినెట్ ఊదుతున్న నాకు అది వింటుంటేనే రొమ్ము పట్టేసినట్లయింది. ఫోన్‌లో వెదికితే బృందం పేరు, ఒక నీలిరంగు బొమ్మ కనిపించాయి తప్ప ఒక్క వాద్యకారుని పేరూ లేదు. ఇది మనిషి ఊదింది కాదనిపించింది. యంత్రం తయారుచేసిన పాటపై ఆ సంగతి రాసి తీరాలని నా వాదన. ఫ్రాన్స్‌కు చెందిన పాటల యాప్ డీజర్ 2025 జూన్ నుంచి ఇటువంటి ఆల్బమ్‌లకు గుర్తు పెడుతోంది. తమకు రోజూ అందే కొత్త పాటల్లో 34 శాతం, అంటే సుమారు 50,000, పూర్తిగా కృత్రిమ మేధతో తయారైనవేనని అదే ఏడాది నవంబరులో ప్రకటించింది. మరో పాటల యాప్ స్పాటిఫై మాత్రం ఆ వివరం చెప్పడాన్ని పాట పెట్టినవారికే వదిలేసింది.

కరీంనగర్ దుకాణదారు:
నేనూ అటువంటి దుకాణమే నడుపుతున్నాను. మా దగ్గరకు వచ్చేవారు మాట్లాడుకోవడానికి వస్తారు, పాట వెనుక సన్నగా ఉంటే చాలు. డీజర్ ఎనిమిది దేశాల్లో 9,000 మందితో చేయించిన సర్వేలో 97 శాతం మంది యంత్రం పాటకూ మనిషి పాటకూ తేడా పట్టలేకపోయారు. పట్టలేని తేడాకు గుర్తెందుకు? మీ బ్యాండులోకి కీబోర్డు వచ్చిననాడు ఎవరూ గుర్తు అడగలేదు కదా!

జనగామ సన్నాయి:
క్లారినెట్ గారు, ఊపిరి వినబడకపోవడం రుజువు కాదు. సన్నాయి ఊదేవారు బుగ్గల్లో నిలిపిన గాలిని వదులుతూనే ముక్కుతో పీల్చుకుంటారు. శాక్సోఫోన్ వాయించేవారిలోనూ ఆ సాధన చేసినవారున్నారు. అయితే దుకాణదారు గారి లెక్క ఆయన వాదనకే ఎదురు తిరుగుతుంది. పాలలో నీళ్లు నాలుకకు తెలియడం లేదని లాక్టోమీటరు మానేస్తామా? చెవి చాలదు గనుకనే రాత కావాలి. పైగా ఈ యాప్‌లకు మనం కట్టే చందా డబ్బులో ఎక్కువ భాగం ఒకే కుండలో చేరి, ఎవరి పాటను ఎన్నిసార్లు విన్నారన్న లెక్కన పంచబడుతుంది కాబట్టి, పేరులేని పాటకు వెళ్లే ప్రతి పైసా పేరున్నవారి వాటాలోంచి తగ్గేదే.

కాజీపేట క్లారినెట్:
ఊపిరి విషయంలో నేను తొందరపడ్డాను, ఒప్పుకుంటున్నాను. కీబోర్డు సంగతి వేరు: దాని ముందు కూర్చున్న మనిషి, పెళ్లికొడుకు గుర్రం దిగేదాకా చరణాన్ని సాగదీస్తాడు. ఐనవోలు జాతరలో ఒగ్గు కథ చెప్పేవారు మాటను సగంలో ఆపితే వంత పాడేవారు అందుకుంటారు, డోలు ఆ ఎడాన్ని నింపుతుంది. 1959లో అమెరికా జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ తన బృందానికి పూర్తి స్వరలిపి ఇవ్వకుండా కొద్దిపాటి సూచనలే ఇచ్చి రికార్డింగుకు కూర్చోబెట్టడం కూడా, ఒకరినొకరు విని బదులిస్తారన్న నమ్మకంతోనే. ఆ నీలిబొమ్మ పాటలో ఎవరు ఎవరిని విన్నారు?

కరీంనగర్ దుకాణదారు:
రాత్రి కొట్టు కట్టేశాక మా జాబితా చూశాను. నలభై పాటల్లో పదకొండింటికి వాద్యకారుల పేర్లు లేవు. పేర్లు లేనంత మాత్రాన అవి యంత్రానివని చెప్పలేను గనుక తీసేయలేదు. పేర్లున్నవాటిని మాత్రం వేరే జాబితాగా పెట్టాను. వచ్చే వారం రోజు విడిచి రోజు రెండూ మార్చి వేస్తాను. ఒక్కరైనా తల ఎత్తి ఇది ఎవరి పాట అని అడిగితే ఇక్కడే రాస్తాను.