అప్‌డేట్: ఎస్‌ఎంసీ (స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ) ఛైర్మన్ సంతకం చెల్లక ఆగిన స్కూలు గ్రాంటు వచ్చింది

ఛైర్మన్ కొడుకు ఐదో తరగతి అయిపోయి హైస్కూలుకు పోయాక, హెచ్‌ఎం (హెడ్‌మాస్టర్)తో కలిపి ఉన్న కమిటీ ఉమ్మడి బ్యాంకు ఖాతా ఆగింది, ఏం చేయాలని ఇంతకుముందు అడిగిన (హనుమకొండ జిల్లా, ప్రాథమిక పాఠశాల). సలహా ఇచ్చినోళ్లందరికీ థాంక్స్.

ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో తేల్చింది: పిల్లలు బడిలో లేకుంటే తల్లిదండ్రుల కోటా సభ్యత్వం పోతుంది. తల్లిదండ్రుల మీటింగ్ పెట్టి, ఖాళీ నింపి, కొత్త ఛైర్‌పర్సన్‌ను ఎన్నుకున్నం. మొదటి తీర్మానాన్ని బ్యాంకు తిప్పి పంపింది. పాత సంతకందారుని తొలగిస్తున్నట్టు వాక్యం లేదు. ఈ ఒక్క వాక్యం మరవొద్దు! అది కలిపి, మినిట్స్ నకలు, ఆధార్, పాన్, ఫొటోలు ఇస్తే పని అయింది.

ఖాళీ నింపేటప్పుడు 2009 విద్యా హక్కు చట్టం లెక్క చూడండి: కమిటీలో కనీసం 75 శాతం తల్లిదండ్రులు, మొత్తం సభ్యుల్లో 50 శాతం మహిళలు ఉండాలె. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ (బడి పనులు చూసే మరో కమిటీ) వేరు, ఎస్‌ఎంసీ వేరు.